ఆమె చెప్పేదాకా ఆగిన ప్రభువు

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గురించి వినని విశ్వాసి ఉండరు. యేసు వస్త్రాన్ని ముట్టగానే ఆమెకు స్వస్థత కలిగింది. మన ప్రసంగాలు చాలావరకు అక్కడే ముగుస్తాయి. మార్కు సువార్త 5వ అధ్యాయం అక్కడ ముగియదు. యాయీరు కుమార్తె చావుబతుకుల్లో ఉన్నా ప్రభువు దారిలో ఆగి, తనను ముట్టినది ఎవరని అడిగాడు. ఆమె వణుకుతూ వచ్చి జరిగినదంతా చెప్పింది. ఆయన విన్నాడు. అందరి ఎదుట ఆమెను కుమార్తె అని పిలిచాడు. శరీరం అప్పటికే బాగైంది, సమాజం వేసిన ముద్ర మాత్రం ఆ పిలుపుతోనే పోయింది.

ఈ వాక్యం చదివినప్పుడు తమిళనాడు ధర్మపురి జిల్లాలోని వాచాత్తి మాకు గుర్తొస్తుంది. 1992 జూన్ 20న గంధపు చెక్కల సోదా పేరుతో అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఆ ఆదివాసీ పల్లె మీద పడ్డారు. ఇళ్లు ధ్వంసం చేశారు, జనాన్ని కొట్టారు, 18 మంది స్త్రీలపై అత్యాచారం చేశారు. పైగా ఊరివాళ్లనే దొంగలని జైల్లో పెట్టారు. వారి మాట నమ్మి వెంట నిలిచింది ఆదివాసీ సంఘం, వామపక్ష కార్యకర్తలు. ఆ స్త్రీలు కోర్టులో సాక్ష్యం చెప్పారు. 2011 సెప్టెంబర్ 29న ధర్మపురి కోర్టు నిందితులు 269 మందినీ దోషులుగా తేల్చింది. అప్పటికే వారిలో 54 మంది చనిపోయారు. 2023 సెప్టెంబర్ 29న మద్రాసు హైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసి, ఆ స్త్రీలకు 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వమంది.

మన విశాఖ మన్యంలోని వాకపల్లిలో అలా జరగలేదు. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం కోర్టు దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి నిందితులను విడుదల చేసింది. అయినా ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది.

అత్యాచారానికి గురైన స్త్రీకి మన మధ్య దొరికే సలహా ఏమిటి? పరువు పోతుంది, ఊరుకో. క్షమించి దేవునికి అప్పగించు. పెళ్లి కావలసిన పిల్ల, బయటికి చెప్పకు. ఇది కనికరంలా వినిపిస్తుంది గానీ, నేరస్థుడి సిగ్గును ఆమె నెత్తిన మోపుతుంది. ప్రభువు ఆమెను మౌనంగా ఇంటికి పంపలేదు. ఆమె సిద్ధపడి చెప్పేదాకా ఆగాడు, చెప్పినది నమ్మాడు.

కాబట్టి కాపరులారా, యౌవనస్థులారా, ప్రార్థించండి, ఆమెకు తోడుగా కూడా వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రి గానీ ప్రైవేటు ఆసుపత్రి గానీ బాధితురాలికి వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. స్త్రీలకు, దళితులకు, ఆదివాసీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం పోక్సో చట్టం కింద నేరం. అది సంఘ పెద్దలకూ వర్తిస్తుంది. ఆమె పేరు మాత్రం సాక్ష్యాల కూటంలోనైనా సరే బయటపెట్టకండి. చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

వాచాత్తి స్త్రీలు తీర్పు కోసం 19 ఏళ్లు ఎదురుచూశారు. మన సంఘంలో ఉన్న ఆమెను మనం అంతకాలం ఒంటరిగా ఉంచకుండునట్లు ప్రభువు మనకు వినే చెవులను, తోడు నిలిచే ధైర్యాన్ని దయచేయును గాక.