మూజువాణిలో మునిగిపోతున్న ఎంపీ ఓటు

ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆమోదించింది. తలుపులు మూసి ఉన్నాయి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది, బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. రెండు రాష్ట్రాల భవితను తేల్చిన ఆ బిల్లుకు చివరికి ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో చూపే పేర్ల జాబితా పార్లమెంటు రికార్డుల్లో లేదు. విభజనను కోరినవారికైనా వద్దన్నవారికైనా నష్టం ఒకటే. తమ ఎంపీ ఎటు నిలబడ్డాడన్నదానికి ఆయన నోటిమాటే ఆధారం.

ఆ రోజు గందరగోళం వల్ల జరిగిన పొరపాటని దీన్ని సరిపెట్టుకోలేం. సాధారణ బిల్లుల్లో అత్యధికం ఇలాగే పాసవుతున్నాయి. రాజ్యాంగ సవరణకు ప్రత్యేక మెజారిటీ కావాలి కనుక అక్కడ లెక్క తప్పదు. 2023లో మహిళా రిజర్వేషన్ల బిల్లుకు లోక్‌సభలో అనుకూలంగా 454, వ్యతిరేకంగా 2 ఓట్లు పడ్డాయని చెప్పగలుగుతున్నది అందుకే. మిగతా బిల్లుల్లో ఎవరో ఒక సభ్యుడు పట్టుబట్టి డివిజన్, అంటే ఓట్ల నమోదు, అడగాలి. అడిగినా దక్కుతుందన్న భరోసా లేదు. డివిజన్ అనవసరమని స్పీకర్ తలిస్తే సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కించి సరిపెట్టవచ్చు. అలాంటప్పుడు ఓటేసినవారి పేర్లు నమోదు చేయరని లోక్‌సభ 367వ నియమమే చెబుతోంది!

సాగు బిల్లుల సంగతి చూడండి. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో ప్రతిపక్షం డివిజన్ కోరింది. సభ్యులు తమ స్థానాల్లో ఉండి అడగలేదన్న కారణం చూపి మూజువాణితో ముగించారు. ఆ చట్టాలు వద్దంటూ రైతులు ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నారు. 2021 నవంబరు 29న వాటి రద్దు బిల్లు సైతం చర్చ లేకుండా ఒక్కరోజే ఉభయసభలనూ దాటింది, అదీ మూజువాణితోనే. ఆ చట్టాలు వచ్చినప్పుడూ పోయినప్పుడూ మన రాజ్యసభ సభ్యులు ఏం చేశారని ఒక రైతు అడిగితే చూపించడానికి కాగితం లేదు.

సమయం చాలదన్న సాకు చెల్లదు. లోక్‌సభలో ఓట్లు నమోదు చేసే యంత్రం 1957 నుంచే ఉంది. కొత్త భవనంలో ప్రతి సీటు దగ్గరా మీట ఉంది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లుపై అర్ధరాత్రి దాటాక కూడా డివిజన్ జరిపి 288-232 అని తేల్చారు. అప్పుడు సాధ్యమైనది మామూలు మధ్యాహ్నం వేళ ఎందుకు కాదు?

విప్ ఉన్నప్పుడు ఎవరి ఓటు ఎటన్నది తెలిసిందేగా, నమోదెందుకని కొందరి వాదన. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం పార్టీ ఆదేశాన్ని మీరి ఓటేసినా, ఓటింగుకు డుమ్మా కొట్టినా, పార్టీ 15 రోజుల్లోగా మన్నించకపోతే సభ్యత్వం పోయే ప్రమాదం ఉన్న మాట నిజమే. ఆ కత్తిని విశ్వాస పరీక్షల వంటి సందర్భాలకే పరిమితం చేయాలని దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే సూచించింది. ఆ సూచనను అమలు చేయాల్సిందే. కానీ విప్‌కు తలవంచి వేసిన ఓటు కూడా ఓటే. తలవంచిన సంగతైనా ఓటరుకు తెలియాలి.

విప్ వర్తించని చోట్లూ ఉన్నాయి. అవి పార్లమెంటరీ స్థాయీ సంఘాలు. ఒక్కోదానిలో 31 మంది చొప్పున 24 సంఘాలు. బడ్జెట్ పద్దులను, బిల్లులను పంక్తి పంక్తిగా పరిశీలించేది అక్కడే. కెమెరాలు లేవు కాబట్టి సభ్యులు పార్టీ మరిచి అధికారులను నిలదీస్తారని పేరు. ఎంపీ అసలు పస తెలిసేది ఇక్కడే. అలాంటి సంఘాలకు 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు వెళ్తే, 17వ లోక్‌సభలో 16 శాతమే వెళ్లాయి. సాగు బిల్లులను ఏ సంఘమూ చూడలేదు. సభ్యత్వ గడువు ఏడాదే కావడంతో ఒక శాఖ లోతుపాతులు పట్టుబడేలోపే సభ్యులు మారిపోతుంటారు. ఇక హాజరు! రాజ్యసభ ఛైర్మన్‌గా వెంకయ్యనాయుడు ఆ లెక్కలు తీసి సభ్యులను బహిరంగంగానే మందలించాల్సి వచ్చింది. వక్ఫ్ బిల్లుపై సంయుక్త సంఘంలో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ సహా ప్రతిపక్ష సభ్యులు అసమ్మతి పత్రాలిస్తే వాటిలో కొన్ని భాగాలను తొలగించారు, గొడవయ్యాక తిరిగి చేర్చారు. పేరు పెట్టి రాసుకునే ఆ నాలుగు మాటలకూ పోరాడాల్సి రావడం సిగ్గుచేటు.

ఇవేవీ లెక్కలోకి రాకుండానే మన ఎంపీల ర్యాంకులు తయారవుతున్నాయి. ఎన్ని ప్రశ్నలు వేశారు, ఎంత శాతం హాజరయ్యారు, అంతే. (పాత భవనంలో హాజరు పట్టీలో సంతకం పెట్టి సెంట్రల్ హాల్లో కాఫీ తాగినాయనా హాజరైనట్టే లెక్క ఉండేది.) మా పత్రికలు కూడా ఆ ర్యాంకులనే అచ్చేస్తున్నాయి.

ప్రతి బిల్లు తుది ఆమోదానికీ పేర్లవారీ ఓటింగ్ తప్పనిసరి కావాలి. 367వ నియమంలో పేర్లు దాచే వెసులుబాటు పోవాలి. బిల్లును స్థాయీ సంఘానికి పంపడం ఆనవాయితీగానూ, పంపకపోవడం సభకు కారణం చెప్పుకోవాల్సిన మినహాయింపుగానూ మారాలి. సంఘాల హాజరు నివేదికల అనుబంధాల్లో కాకుండా సభ్యుడి పేరు కింద ఒకచోట కనబడాలి. వీటికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. తమ నియమాలు తామే రాసుకునే అధికారాన్ని 118వ అధికరణ సభలకే ఇచ్చింది. లోక్‌సభ నియమాల కమిటీకి అధ్యక్షుడు స్పీకరే.

ఆ కమిటీ కదిలేదాకా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఎన్నికైన 42 మంది లోక్‌సభ సభ్యులు చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి విడత సమావేశాలు ముగిశాక ఏ బిల్లుకు ఎటు ఓటేశారో, తమ సంఘం ఎన్నిసార్లు కూర్చుంటే ఎన్నిసార్లు వెళ్లారో నియోజకవర్గంలో ప్రకటించడం. దానికి స్పీకర్ అనుమతి అక్కర్లేదు, పార్టీ విప్ అడ్డురాదు.