కైమా కజ్జికాయ మన వంట కాదా?

మన ఇంటి వంటలన్నీ ఒకచోట రాసిపెట్టాలని అందరం అనుకున్నాం. మంచి పనే. ఇప్పటిదాకా వచ్చినవి చూస్తే ఓళిగలు, అరిసెలు, ఉగ్గాని, కొబ్బరి కజ్జికాయలు, మళ్ళీ ఇంకోరకం ఓళిగలు. ఇవి చదివినవాళ్ళు మన పొయ్యి మీద సియ్యలు ఎప్పుడూ ఉడకలేదేమో అనుకుంటారు. ఆదివారం తెల్లారకముందే కటికాయన అంగడి ముందు నిలబడే ఇల్లు మనది. అది రాయడానికి ఎందుకంత మొహమాటం?

కైమా కజ్జికాయలు రాద్దాం అని నేనంటే రెండు మాటలు వచ్చాయి. ఒకటి, సంబంధాలు చూసేవాళ్ళు కూడా చదువుతారు కదా అని. రెండోది, అది మన వంట కాదు, సాయిబుల సమోసా, మనం ఊరికే చేసుకుంటాం అంతే అని.

మొదటిదానికి నా జవాబు చిన్నది. కైమా పేరు విని వెనక్కిపోయే సంబంధం, మన ఇంట్లో ఒక్క ఆదివారం భోజనానికి కూర్చున్నా వెనక్కిపోతుంది. ముందే పోతే ఇద్దరికీ ఖర్చు తక్కువ. బెంగళూరులో బాడిగ ఇల్లు అడగడానికి పోతే పేరు కంటే ముందు వెజ్జా నాన్‌వెజ్జా అని అడుగుతున్నారు. బయట గొంతు తగ్గించి చెప్పుకోవడం అలవాటైపోయింది. మన ఇంటి పేజీలో కూడా తగ్గించాలంటే ఎట్లా?

రెండోది మాత్రం కాస్త ఆలోచించాల్సిన మాట. సమోసా బయటినుంచి వచ్చిందే, ఒప్పుకుంటాను. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో దీన్ని చూసి రాశాడు: సన్నగా కొట్టిన మాంసం, ఉల్లిపాయ, బాదం, పిస్తా, మసాలాలు పల్చటి రొట్టెలో చుట్టి నేతిలో వేయించేవాళ్ళని. 1500 ప్రాంతంలో మాళ్వా సుల్తానుల కోసం రాసిన నిమత్‌నామాలో కూడా మాంసం సమోసాలున్నాయి. మన బేకరీల్లో దొరికే ఆలుగడ్డ సమోసా అప్పటికి లేదు. ఆలుగడ్డా, మిరపకాయా రెండూ పోర్చుగీసువాళ్ళు వచ్చాకే మనకు తెలిశాయి. అంటే మాంసందే అన్న, ఆలుగడ్డది తమ్ముడు. బయటినుంచి వచ్చింది మనది కాదు అంటే మిరపకాయ కూడా మనది కాదు. ఆ మాట మన పెద్దమ్మ ముందు అని చూడండి!

మన ఇంట్లో చేసేది అసలు సమోసానే కాదు, అదీ చెప్పాలి. సమోసాకి పల్చటి పట్టీ కావాలి, మూడు మూలల మడత కావాలి. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో పెట్టే లుఖ్మీ నలుచదరంగా ఉంటుంది. మహారాష్ట్రలో కైమా పెట్టిన కరంజీ ఉంది. మనది కజ్జికాయల చెక్కలో ఒత్తిన అర్ధచంద్రం. పిండి కూడా తీపి కజ్జికాయల పిండే, మైదాలో చిరోటి రవ్వ కలిపింది. బళ్ళారిలో పక్కిళ్ళనుంచి రంజాన్‌కి సమోసాలు వచ్చేవి, మన ఇంటినుంచి దీపావళికి కజ్జికాయలు పోయేవి. ఈ రెండూ కలిసి మూడోది పుట్టింది. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు ఆంధ్రలో ఉండిపోయాయి. చుట్టాలు అటూ ఇటూ అయ్యారు. అంతమాత్రాన ఎవరి వంటా మారలేదు. మాట మీద కూడా కొట్లాట వద్దు. హైదరాబాద్‌వాళ్ళు ఖీమా అంటారు, మనం కైమా అంటాం, ఇక్కడ కన్నడంలోనూ కైమానే.

అవ్వ దగ్గర చెక్కలు రెండుండేవి. నైవేద్యానికి చేసే తీపి కజ్జికాయలకు ఒకటి, కైమాకి ఇంకొకటి. రెండోది గూట్లో వేరే డబ్బాలో ఉండేది. పండగ రోజు మొదటిది, మరునాడు రెండోది. ఊరికే చేసుకునే వంటకి ఎవరన్నా చెక్క వేరేగా కొంటారా?

ఇంక పని సంగతి. కైమా మెషిన్‌లో కొట్టి పెట్టింది కొనకండి. తొడ ముక్క చూపించి, కొద్దిగా కొవ్వు ఉండనిచ్చి, కళ్ళెదురుగానే కొట్టించుకోవాలి. అర కిలో చాలు. బాండ్లిలో నూనె, సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి ముద్ద రెండు చెంచాలు, పసుపు, కైమా. నీళ్ళు చుక్క కూడా పోయకూడదు. కైమానే నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళలోనే ఉడికి, ఆ నీళ్ళు పూర్తిగా ఇగిరిపోవాలి. అసలు వంటంతా ఇక్కడే ఉంది. ఉడికింది కదా అని దించేస్తారు చాలామంది. దించకూడదు. బాండ్లి అడుగున చిటచిటమని శబ్దం మారి, గంటెతో పక్కకి లాగితే నూనె కనపడాలి తప్ప నీళ్ళు కాదు. అప్పుడు కారం, ధనియాల పొడి, గరం మసాలా, ఉప్పు వేసి ఇంకో ఐదు నిమిషాలు. పుదీనా, కొత్తిమీర, పచ్చిమిరపకాయలు దించాకే. తర్వాత పళ్ళెంలో పరిచి బాగా చల్లారనివ్వాలి. వేడిగా పెడితే ఆవిరికి పిండి మెత్తబడి, నూనెలో నోరు తెరుస్తుంది. తడి కైమా అయినా అంతే. ఒకటి పగిలితే బాండ్లిలో నూనె అంతా పాడవుతుంది.

పిండికి రెండు గ్లాసుల మైదా, పావు గ్లాసు చిరోటి రవ్వ, ఉప్పు, రెండు చెంచాల కాచిన నూనె. పూరీ పిండికంటే గట్టిగా కలిపి తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాలి. పూరీ వత్తి, చెక్కలో పరిచి, చెంచాన్నర కైమా పెట్టి, అంచుకి నీళ్ళు తడిపి ఒత్తడం. ఎక్కువ కూరితే అంచు అతుక్కోదు. 20 దాకా వస్తాయి. నూనె మధ్యరకం సెగ మీదే ఉండాలి. పొగలు వచ్చే నూనెలో వేస్తే పైన బొబ్బలు లేచి ఎర్రగా అవుతుంది, లోపలి పిండి పచ్చిగానే ఉంటుంది. ముందు ఒక్కటే వేసి చూడాలి. నా ఉద్యోగమే టెస్టింగ్ కాబట్టి ఈ మాట రెండుసార్లు చెప్తాను, ముందు ఒక్కటే.

రెడీమేడ్ పట్టీలు తెచ్చి సమోసాలుగా మడుచుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు. లోపలి కైమా మాత్రం ఇంటిదే కావాలి. బయట కొన్న కైమా సమోసా విప్పి చూస్తే చాలాసార్లు ఉల్లిపాయే ఎక్కువ.

అయితే ఇంట్లో చెయ్యాలి అంటే ఎవరు చెయ్యాలి అని వదిన అడిగింది, సరిగ్గానే అడిగింది. ఆడవాళ్ళు పొయ్యి దగ్గర, మగవాళ్ళు పళ్ళెం దగ్గర అన్న పాత పద్ధతిని వారసత్వం అనుకోకండి. దీనికి నాలుగు జతల చేతులు కావాలి. పూరీలు వత్తడం బావలకి కూడా వస్తుంది, రాకపోతే నేర్చుకుంటారు.

పైన నేను రాసిన కొలతల్లో కారం, ధనియాల పొడి ఎంతో లేదు, గమనించారు కదా. పెద్దమ్మ చేత్తోనే వేస్తుంది, అడిగితే "తగినంత" అంటుంది. దీపావళికి బళ్ళారి పోయేవాళ్ళు ఎవరైనా వంటింటి త్రాసు తీసుకుపోండి. ఆమె పిడికిట్లో ఉన్నది బాండ్లిలో పడకముందే తూచి గ్రాముల్లో రాసుకుని రండి. ఆదోని అత్తవాళ్ళు ఇందులో సెనగపప్పు ఉడికించి కలుపుతారట. వాళ్ళది కూడా విడిగా రాసి పంపితే ఈ పక్కనే పెడదాం.