కింగ్రి చెప్పే కథ

వాద్యం వాయిస్తే రాళ్లు కదులుతాయా? గ్రీకు పురాణాల్లో కదిలాయి. ఆర్ఫియస్ లైర్ తీగలు మీటితే చెట్లూ రాళ్లూ వెంట వచ్చేవట. చనిపోయిన భార్య కోసం పాతాళానికి వెళ్లి, అక్కడి రాజు మనసునీ కరిగించాడు. ఇలాంటి కథల్ని హార్ప్ వాయిస్తూ, మధ్యమధ్యలో పాత్రలై మాట్లాడుతూ వేదిక మీద చెప్పే ప్రయోగాలు పాశ్చాత్య దేశాల్లో జరుగుతున్నాయి. ఒక్క మనిషి, ఒక్క వాద్యం... అదే నాటకం!

మన ఆదిలాబాద్ గూడేల్లో మాత్రం ఇది తరతరాల వాడుక. కరీంనగర్ పల్లెల్లో ఒగ్గుకథకు డోలు ఎలాగో, రాజ్‌గోండుల కథలకు కింగ్రి అలాగ. కిక్రి అని కూడా అంటారు. మూడు తీగలుంటాయి, కమానుతో వాయిస్తారు. వాయించేది వాళ్ల కులకథకులైన పర్ధాన్లు, తోటీలు. విశేషం ఏమిటంటే, ఇక్కడి పర్ధాన్ల ఇంటి భాష మరాఠీ. గోండుల కథలు మాత్రం గోండిలోనే పాడతారు!

ఆ కథల్లో పెద్ద కథ పహండి కుపార్ లింగుది. గుహలో బందీలైన గోండు దేవతలను విడిపించిన వీరుడాయన. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా గోండులను విభజించిందీ ఆయనేనంటారు. ఒకే సగలో పెళ్లి కుదరదు. అంటే ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే లెక్క కూడా ఈ కథలోనే ఉంది.

ఒక కథనంలో హీరాసుకా అనే వాద్యకారుడు ఆ గుహ ముందు కింగ్రి వాయిస్తాడు. ఆ నాదానికి లోపలివాళ్లకు బలం వచ్చి, అడ్డుగా ఉన్న బండను తోసేస్తారు. దొర్లిన బండ కింద పడి హీరాసుకా ప్రాణం పోతుంది. వెనక్కి తిరిగి చూసిన ఆర్ఫియస్ భార్యను తెచ్చుకోలేకపోయాడు. హీరాసుకా అందరినీ బయటికి తెచ్చి తాను మిగల్లేదు.

1940లలో ఆదిలాబాద్ వచ్చి, మార్లవాయిలో మకాం పెట్టిన హైమన్‌డార్ఫ్ ఈ పురాణాలను సేకరించి 1948లో పుస్తకంగా తెచ్చారు. పుస్తకం ఉందిగా, ఇక బెంగెందుకు అనిపించవచ్చు. కానీ పర్ధాన్‌కు వంశపారంపర్యంగా కొన్ని గోండు కుటుంబాలుంటాయి. పెర్సాపేన్ పూజకో, చావు కర్మకో పిలిచి, పాడించుకుని, ధాన్యమో పశువో ఇచ్చేది వాళ్లే. ఆ పిలుపు తగ్గితే కింగ్రి చూరుకు వేలాడాల్సిందే.

మధ్యప్రదేశ్ పర్ధాన్లు మరో దారి వెతుక్కున్నారు. 1980లలో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ వాళ్ల దేవతలను, కథలను రంగుల్లోకి తెచ్చారు. ఆ బొమ్మలు దేశవిదేశాలకు చేరాయి. సంతోషమే. కానీ బొమ్మ కొన్నవారికి సగ లెక్కతో పనిలేదు. ఆ లెక్క అవసరమైన పిల్లలు మన ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నారు. సభల్లో పది నిమిషాలు వాయించి శాలువా కప్పించుకునే బదులు, ఆ పెద్దలు ఈ పిల్లల ముందు కూర్చుని కథంతా చెప్పాలి. చెప్పినందుకు తగిన పైకం ముట్టాలి. రేపు పర్ధాన్‌ను ఇంటికి పిలవాల్సింది ఆ పిల్లలే కదా!