ఓరుగల్లు కోట ఎవ్వరిది?

ఒక జాతి తన పూర్వచరిత్రను ఎంత గౌరవించుచున్నదో తెలిసికొనగోరువారు, ఆ జాతి కోటలలో ఎన్ని తోరణములు నిలిచియున్నవని లెక్కించిన చాలదు. ఆ తోరణములకడకు ఎవ్వరు చేరగలుగుచున్నారో కూడ విచారింపవలయును. ఓరుగల్లు కోట విషయమున ఈ ప్రశ్న వేసికొన్నచో దొరకు సమాధానము సంతోషకరమైనది కాదు. చూపు చక్కగా నుండి, కాళ్లు దృఢముగా నుండి, పలకలపై వ్రాత చదువనేర్చినవారికే ఆ కోట తన కథ చెప్పుచున్నది. తక్కినవారికది మాటలేని రాళ్లగుంపు.

ఆ కోట సామాన్యమైనది కాదు. గణపతిదేవుడు (1199–1262) కట్టించిన రాతికోటను రుద్రమదేవి (1262–1289) మఱింత ఎత్తు చేయించెనని చరిత్రకారులు చెప్పుదురు. దానిచుట్టు కందకము, వెలుపల మట్టికోట కలవు. నడుమనున్న స్వయంభూదేవాలయము శిథిలమైనను, దానికి నాలుగుదిక్కుల నెత్తిన కీర్తితోరణములు నేటికిని నిలిచియున్నవి. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము తన రాజముద్రలో ఆ తోరణమునే ముద్రించుకొన్నది. 1323లో ప్రతాపరుద్రుని చేతినుండి కోటను గైకొన్న ఉలుఘ్‌ఖాను దానికి సుల్తాన్‌పురమని పేరిడెను. అటుపిమ్మట నిలిచిన ఖుష్‌మహలును, 1504 నాటి షితాబుఖాను శాసనమును గూడ ఈ నగరచరిత్రలోనివే. ఇంతటి పట్టణమునకు, నడచుచు వినదగిన తెలుగు శ్రవ్యయాత్ర యొకటి, అంధులకును వృద్ధులకును వికలాంగులకును అనువైనది, ఏర్పడవలయునని మా యభిప్రాయము.

ఇది పాశ్చాత్యుల వినోదమనియు, మన సంప్రదాయమునకు క్రొత్తదనియు తలపవలదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామమున జరిగినదేమి? మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఒక్కదినమున ఓరుగంటి వీధులన్నియు తిరుగుచు, కనబడిన ప్రతిదానిని ఒకరికొకరు వర్ణించి చెప్పుకొనుటయే కదా! కాకతమ్మ గుడియు, పల్నాటి వీరుల కథాగానమును, పూటకూటి యిల్లును, కోడిపందెములును ఆ మాటలలోనే నేటికిని బ్రతికియున్నవి. ఆ వీధులు పోయినను వాటిని మనము వినుచున్నాము. చూడనివానికి నగరమును మాటతో చూపుట మన భాషకు ఆఱువందల యేండ్లుగా తెలిసిన విద్య.

రామగుండము, గోదావరిఖని ప్రాంతమువారికి ఈ విషయముతో నేమిపని యని కొందఱడుగవచ్చును. పని కలదు. హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని 1163 నాటి శాసనము, కాకతి రెండవ ప్రోలరాజు జయించిన మంత్రకూటాధిపతి గుండని పేర్కొన్నది. ఆ మంత్రకూటమే గోదావరి తీరమునందలి నేటి మంథని. ఓరుగల్లు కథలో ఈ సీమ మొదటి పుటలలోనే యున్నదన్నమాట.

అంతకంటె ముఖ్యమైన కారణము మఱియొకటి కలదు. పైకప్పు కూలి నడుము విఱిగినవారును, ప్రేలుడువలన చూపు పోయినవారును, ఏండ్లతరబడి యంత్రఘోషలో మెలగి వినికిడి మందగించినవారును, బొగ్గుధూళి ఊపిరితిత్తులకెక్కి నాలుగడుగులకే ఆయాసపడువారును బొగ్గు త్రవ్వు ప్రతిదేశమునందును కలరు, ఇక్కడను కలరు. దేశమునకు వెలుగునిచ్చుటకై చీకటిలో పనిచేసినవారు వీరు. రామగుండమునుండి కాజీపేటకు ఇనుపదారి సూటిగా నున్నది. రైలు వారిని ఓరుగల్లు చెంతకు చేర్చగలదు. కోటవాకిలి మాత్రము లోనికి రానీయదు. బండి దిగిన పిమ్మట మనుమడు తాతను చెట్టునీడ కూర్చుండబెట్టి, తాను చూచివచ్చి చెప్పెదననుట సహజమైపోయినది. ఇది సహజమని మనమంగీకరింపరాదు.

చట్టమును అంగీకరించుట లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 1995 చట్టమున ఏడు విధములుగా నుండిన వైకల్యములను ఇది ఇరువదియొకటిగా గుర్తించి, సాంస్కృతిక జీవితమున వికలాంగులకు ఇతరులతో సమానమైన పాలు కల్పించుట ప్రభుత్వముల విధియని శాసించినది. అందుబాటునకు సంబంధించిన నియమములు వట్టి సలహాలుగా నుండరాదని, తప్పక పాటింపవలసినవిగా నుండవలయునని 2024 నవంబరులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2011 జనాభాలెక్కల ప్రకారము దేశమున 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులు కలరు. ఇది దయాధర్మముల మాట కాదు, హక్కు మాట.

1952లోనే ఆమ్‌స్టర్‌డామునందలి స్టెడెలిక్ ప్రదర్శనశాలవారు సందర్శకుల చెవికి యంత్రముద్వారా, పెక్కుభాషలలో, చిత్రముల కథ వినిపించిరి. మన కేంద్ర పర్యాటకశాఖ 2019లో తాజ్‌మహలు, ఖజురాహో, ధోలావీర మొదలగు పండ్రెండు స్థలములకు శ్రవ్యమార్గదర్శనము నేర్పఱచినపుడు అందు ఓరుగల్లునకు చోటు దొరకలేదు. నాడే మనము అడిగియుండవలసినది.

అయితే పలకపై వ్రాతను గొంతెత్తి చదివిన అది శ్రవ్యయాత్ర కానేరదు. చూపులేనివానికి రాజుల వంశావళికంటె ముందుగా, ఎన్ని అడుగులకు మలుపు వచ్చునో, మెట్టెంత ఎత్తో, నేల రాయియో మన్నో తెలియవలయును. కోటద్వారమున దారి సూటిగా పోక వంకర తిరుగును; శత్రువులు ఒక్క ఊపున వచ్చి లోపలి తలుపులను గ్రుద్దకుండ పూర్వులు పన్నిన యుక్తి యిది. ఈ సంగతిని కన్నుకంటె పాదమే చక్కగా గ్రహించును. తోరణముపైనున్న హంసలను చేతికందించుటకు ప్రక్కనే చిన్న రాతినమూనా నొకటి నిలుపవలయును. చెవిటివారికొఱకు పెద్ద అక్షరముల పాఠమును, సైగలభాషలో చిత్రమును ఉండవలయును. చక్రముల కుర్చీ పోవుటకు చదునైన బాట లేనిదే మాటలన్నియు వ్యర్థము. ఇదంతయు ఇంటర్నెట్టు అందనిచోటను సామాన్యమైన సెల్‌ఫోనులో వినబడవలయును. మంచముపట్టినవాడు గోదావరిఖనిలో తన యింటనే వినగలుగవలయును. తెలుగుతోపాటు ఉర్దూలోను చెప్పవలయును. ఆ తెలుగైనను మావంటి పత్రికల తెలుగు గాక ఇంటింట మాటలాడు తెలుగు కావలయును. 1323 కథను దాచరాదు, ద్వేషమునకు సాధనముగాను చేయరాదు. తోరణమును ఖుష్‌మహలును ఒక్క నడకలో వినిపించుటయే న్యాయము.

దీనివలన అచ్చటి గైడుల జీవనము చెడునని కొందఱందురు. వారి గొంతులనే ప్రతిఫలమిచ్చి రికార్డు చేయింపుడు. అంధులను వెంటబెట్టుకొని నడచుటలో వారికే శిక్షణ మిప్పింపుడు. యంత్రము సమాధానము చెప్పలేని ప్రశ్నలకు మనుష్యుడెప్పుడును కావలసియే యుండును.

ధనమెక్కడిదని అడుగువారికి సమాధానము మన నేలక్రిందనే యున్నది. 2013 కంపెనీల చట్టము, లాభములు గడించు పెద్ద సంస్థలు గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో నూటికి రెండువంతులు సమాజముకొఱకు వెచ్చింపవలయునని విధించినది. అట్టి వ్యయములలో జాతీయవారసత్వ రక్షణమును చేర్చినది. సింగరేణి కంపెనీలో రాష్ట్రప్రభుత్వమునకు 51 పాళ్లును, కేంద్రమునకు 49 పాళ్లును కలవు. కోట కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నది. ధనము కలవారును, అనుమతి నీయవలసినవారును ప్రభుత్వమువారే యైనపుడు, లోపించినది సంకల్పమొక్కటియే.

పురావస్తుశాఖయు, రాష్ట్ర పర్యాటకశాఖయు, సింగరేణి యాజమాన్యమును ఒక్కచోట కూర్చుండి, అంధుల సంఘముల ప్రతినిధులను సలహాకై గాక నిర్ణయమునకే పిలిచి, గడువు నిర్ణయించుకొని ఈ పనికి పూనుకొనవలయును. పట్టణములందలి విద్యావంతులును గ్రామములందలి భూస్వాములును తమ ప్రతినిధులను ఈ విషయమై నిలువదీయవలయును. నేడు బలముగానున్న కాళ్లును కన్నులును ఎవ్వరికిని శాశ్వతములు కావు. తాత చెట్టునీడను వదలి తోరణముక్రింద నిలిచినదినముననే ఓరుగల్లు మనదని చెప్పుకొనుటకు మనకు అర్హత కలుగును.