పిడికిలి బలము ఎవరి సొత్తు?

కరవుసీమ బిడ్డలకు ముష్టియుద్ధమేల అని మా అనంతపురమున కొందరు పెద్దమనుష్యులు అడుగుచున్నారు. రాగిసంకటి తిని పెరిగిన యీ సన్నని చేతులలో గుద్దు ఎక్కడినుండి వచ్చును? స్థూలకాయులకును ఉత్తరదేశీయులకును తగిన విద్య యిది. మనవారికి పరుగుపందెము చాలును. ఇదియే వారి వాదము. ఈ వాదమును మేము భౌతికశాస్త్రము నెదుట నిలిపి విచారింపదలచితిమి.

గుద్దు చేతిలో పుట్టునని వీరి నమ్మకము. తప్పంతయు నచ్చటనే యున్నది. గుద్దు పాదము క్రింద పుట్టును. వెనుకకాలు నేలను వెనుకకు త్రోయును. న్యూటను మూడవ సూత్రము చొప్పున నేల శరీరమును ముందునకు త్రోయును. ఆ త్రోపును తొడ యందుకొనును, నడుము త్రిప్పును, భుజము పిడికిలికి అప్పగించును. తగులు క్షణమున మణికట్టు, మోచేయి, భుజము బిగిసినచో శరీరపు బరువు పిడికిలి వెనుక నిలుచును. నున్నని తడిబండపై నిలిచి గుద్దిచూచిన యెడల ఎంతటి కండలవానికైనను ఈ సత్యము బోధపడగలదు. మన సీమలో బావి త్రవ్వుచు బండపై సమ్మెట వేయు కూలివాడు ఏ కళాశాలకును పోకయే దీని నెరుగును. అతని దెబ్బ మడమలలో మొదలై నడుమున తిరిగి చేతులకు వచ్చును.

సాక్ష్యము కావలెనా? 1985లో సోవియట్ పరిశోధకులు బాక్సర్ల గుద్దులను కొలిచి ప్రకటించిరి. ఆరితేరినవారి గుద్దులో కాళ్ళ వాటా నూటికి ఇంచుమించు 38, మొండెము త్రిప్పు వాటా 37, చేతి వాటా 24 మాత్రమే. క్రొత్తగా నేర్చువారిలో కాళ్ళ వాటా 16 చిల్లర; చేతి వాటా 38. వారి నిరువురను వేరుపరచునది కాలిని వాడుకొను నేర్పు. నేర్పు శిక్షణవలన వచ్చును, పుట్టుకతో రాదు.

బరువునకు విలువ లేదని మేమనము. అదే 1985లో ఇంగ్లండున ఫ్రాంక్ బ్రూనో అను మహాకాయుని గుద్దును కొలువగా 4,096 న్యూటనులు తేలెను. నలువది కిలోల వేరుసెనగ మూటలు పదింటి బరువు ఒక్క రెప్పపాటులో మీద పడినట్లే! కాని అట్టివానితో 50 కిలోల బాలుని పోరుమన్న వారెవరు? బరువుల తరగతులు ఏర్పడినది అందుకే గదా. సమానమైన బరువుల నడుమ వేగమే గెలిపించును. బరువు రెట్టింపైన గతిశక్తి రెట్టింపగును. వేగము రెట్టింపైన నాలుగింతలగును. నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులున 52 కిలోల తరగతిలోను, 2023లో ఢిల్లీలో 50 కిలోల తరగతిలోను ప్రపంచవిజేత యయ్యెను. తెలుగు పిడికిలికి బలము లేదనువారు ఆమెకు ఏమి సమాధానము చెప్పుదురు?

ఈ మాట అసలు మనది కాదు. 1880లలో మద్రాసు సైన్యమునకు అధిపతిగా నుండి, పిదప భారతసైన్యమునకే అధిపతియైన రాబర్ట్స్ దొర దక్షిణాది సిపాయి పోరునకు పనికిరాడని వాదించెను. యుద్ధజాతులను కల్పన అట్లు పెరిగినది. దొరలు 1947లో పోయిరి. వారి కొలబద్ద మాత్రము మన పెద్దల చేతిలో నిలిచిపోయినది!

మరియొక తప్పు జరుగకుండుగాక. ఆకలి బలమునిచ్చునని మేము చెప్పుట లేదు. ఖాళీ కడుపునకు వేగము రాదు. తరగతికై బరువు తగ్గింపవలెనని ఎదుగు బాలుని పస్తులుంచుట పాపము. ఇంకొక హెచ్చరిక: తలపై పడిన గుద్దు మెదడును పుర్రెలో కుదిపి త్రిప్పును. గ్లవుజులు పిడికిలి ఎముకలను కాపాడునుగాని ఆ కుదుపును ఆపజాలవు; శిరస్త్రాణమును పూర్తిగా ఆపలేదు. గుద్దు బలమును చెప్పిన శాస్త్రమే దీనినిగూడ చెప్పుచున్నది. కావున నేర్చుకొను బాలురచే సంచిపై గుద్దింపుడు. తోటివాని తలపై వలదు.

ఇక దాతలకు మా విన్నపము. కండలు పెంచు యంత్రములను, డబ్బాలలోని పొడులను కొని, వానిపై మీ పేరులు చెక్కించుకొనుట మానుడు. కాలు మోపుట నేర్పు గురువునకు జీతమిండు. జారని నేలను సిద్ధపరుపుడు. పాదములకు బూట్లును, పూటకొక గుడ్డును సమకూర్పుడు. ఇంతకు మించి యీ విద్యకు మొదట కావలసినది స్వల్పము.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురియుటయు గగనమైన సీమ మనది. పంట నిచ్చుటకు ఈ నేల వానకై ఎదురుచూడవలసినదే. పాదమునకు ఎదురుత్రోపు నిచ్చుటకు మాత్రము అది ఏ మేఘమునకును ఎదురుచూడదు. మన బిడ్డలకు ఆ నేలపై నిలుచుట నేర్పుదమా, లేక నేలను నిందించుచు కూర్చుందమా?