మధ్యలో దిగే వీల్లేని విందు

డిసెంబరు వచ్చిందంటే ఆఫీసులకి వెళ్ళే ఆడపిల్లలున్న ఇళ్ళల్లో ఓ కొత్త రకం తగువు మొదలవుతోంది. "ఇయర్ ఎండింగ్ పార్టీ ఉందమ్మా, లేటయితది" అంటుంది పిల్ల. "ఆడోళ్ళు ఎందరు పోతున్నరు? మళ్ళ ఇంటికాడ ఎవరు దింపుతరు?" అంటుంది తల్లి. హోటల్లో పార్టీ అయితే ఈ తగువు ఎలాగో ఓ కొలిక్కి వచ్చేది. ఇప్పుడు హోటల్ పాతబడిపోయిందట. పడవ కావాలట! అదీ మనకొక్కళ్ళకే అద్దెకిచ్చే ప్రైవేటు పడవ. మీద రంగు బల్బులు, పాటల పెట్టెలు, భోజనాలు, చుట్టూ నీళ్ళు.

ఈ సరదా మనకి ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. గోవాలో మాండవి నది మీద రోజూ సాయంత్రం పాటలతో తిరిగే పడవలు చూసి వచ్చినవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్ మీద టూరిజం వాళ్ళు పెద్ద పడవలు విందులకి అద్దెకిస్తారు. మనకేం తక్కువ? పోచంపాడు దగ్గర గోదావరి ఉంది, నిజాంసాగర్ ఉంది, అలీసాగర్ ఉంది, కందకుర్తిలో మంజీర, హరిద్ర వచ్చి గోదావరిలో కలిసే సంగమం ఉంది. నీళ్ళకి కొదవలేని ప్రాంతం మనది.

అసలు మన వైపు 'ఇయర్ ఎండింగ్' అనే మాటకి డిసెంబరుతో సంబంధమే ఉండేది కాదు. బోధన్ శక్కర్ నగర్ లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ డిసెంబరంటే చెరుకు ఆడే కాలం. చెరుకు బళ్ళు బారులు తీరి ఉండేవి, ఊరంతా బెల్లపు పాకం వాసన. పంచదార వాళ్ళ లెక్కలో ఏడాది అక్టోబరులో మొదలై సెప్టెంబరులో ముగుస్తుంది. కాబట్టి డిసెంబరు 31 రాత్రి ఫ్యాక్టరీ వాళ్ళకి మరో షిఫ్టు, అంతే. 2002లో ఆ ఫ్యాక్టరీ ప్రైవేటు వాళ్ళ చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ అని బోర్డు పెట్టారు. ఆ ఏడాది చివర బోధన్ లో ఎన్ని ఇళ్ళల్లో పొయ్యి దిగులుగా వెలిగిందో ఆ ఇళ్ళ ఆడవాళ్ళని అడగండి. ఆ ఇళ్ళ పిల్లలే పెద్దవాళ్ళై ఇప్పుడు నిజామాబాద్ లో విత్తనాల కంపెనీల్లో, ఫైనాన్స్ ఆఫీసుల్లో, ప్రైవేటు హాస్పిటళ్ళలో, షోరూముల్లో, 2023లో పెట్టిన ఐటీ హబ్ లో పనిచేస్తున్నారు. వాళ్ళలో ఆడపిల్లలూ బోలెడంతమంది. తండ్రి ఫ్యాక్టరీ పోయాక తమ జీతంతో ఇల్లు నిలబెట్టిన పిల్లలు వీళ్ళు. ఏడాదికోసారి కంపెనీ ఖర్చుతో పడవెక్కి నవ్వుకుంటామంటే కాదనడానికి నాకు నోరు రాదు.

నా పేచీ పడవతో కాదు, ఆ ప్లానింగ్ తో.

మా కాలనీలో ఓ అమ్మాయి ఇలాంటి ఓ కంపెనీలో లెక్కలు చూస్తుంది. "అక్కా, ఈసారి బోట్ ల పార్టీ. ప్లానింగ్ కమిటీల నన్ను గూడ ఏసిండ్రు" అని సంబరంగా చెప్పింది. ఏం ప్లాన్ చేస్తున్నావు తల్లీ అంటే కేకు, బెలూన్లు, బహుమతులు కట్టే రంగు కాయితాలు, మ్యూజికల్ చైర్స్, స్వాగతం డాన్సు. ఇంకా లేడీస్ లో ఎవరెవరు వస్తున్నారో పేర్లు రాసుకోవడం. మరి పడవ ఎవరిది, ఎంతమంది పడతారు, ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి ఒడ్డుకి చేరుతుంది, దాని మీద బాత్రూం ఉందా, మందు ఉంటుందా అని అడిగాను. "అవన్నీ సార్లు చూస్కుంటున్నరక్కా" అంది.

చూశారా! వంటింట్లో పెళ్ళివంట చేసేవాళ్ళు మనం, పెళ్ళి ముహూర్తం పెట్టేవాళ్ళు వేరే. ఆఫీసుకెళ్ళినా అదే పంపకం. బెలూను పగిలితే ఇంకోటి ఊదుకోవచ్చు. ప్రాణానికీ పరువుకీ సంబంధించిన కాయితం మాత్రం ఆడవాళ్ళ చేతికి రాదు.

హోటల్ విందుకీ పడవ విందుకీ ఉన్న తేడా మగవాళ్ళకి తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. మనకి తట్టాలి. హోటల్లో ఎవరైనా తాగి మాట తూలితే, చెయ్యి పట్టుకుని డాన్సుకి లాగితే, ఆడమనిషి దగ్గర వెయ్యి ఉపాయాలుంటాయి. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని "ఆఁ, వస్తున్నా అత్తయ్యా" అంటూ గుమ్మం దాటేస్తుంది. పిల్లాడికి జ్వరమంటుంది, ఆఖరి బస్సంటుంది. బయటకొస్తే రోడ్డు, ఆటో, నలుగురు మనుషులు. ఈ ఉపాయాలు ఏ కాలేజీలోనూ నేర్పరు, మన అమ్మలూ అక్కలూ నేర్పినవే. నడి నీళ్ళలో ఇవేవీ పనికిరావు. గుమ్మమే లేదు. ఎనిమిదింటికి తేలుస్తామన్న పడవ పదింటికి ఒడ్డుకొస్తే పదిదాకా అక్కడే ఉండాలి. ఎవడి పక్కన కూర్చోవడం ఇష్టం లేదో వాడు వచ్చి పక్కనే కూర్చున్నా లేచి వెళ్ళడానికి పది అడుగుల చోటు. ఒకావిడకి నెలసరి కావచ్చు, ఇంకొకావిడకి షుగరు ఉండి గంటగంటకీ బాత్రూంకి వెళ్ళాల్సి రావచ్చు. చాలా పడవల మీద ఆ ఏర్పాటే ఉండదు. ఆ మాట పదిమంది మగవాళ్ళున్న వాట్సాప్ గ్రూపులో ఎవరు అడుగుతారు? నీళ్ళు తాగడం మానేసి కూర్చుంటారు, అంతే.

"అయితే వెళ్ళకండి, బలవంతం ఏముంది?" అంటారు సార్లు. ఇంట్లో వాళ్ళూ అదే అంటారు, పైగా సంతోషంగా అంటారు. సరే, మానేశాం. అప్పుడేమవుతుంది? ఆడవాళ్ళు ఎలాగూ రారు కదా అని వచ్చే ఏడాది ఇంకా దూరం, ఇంకా రాత్రి. పెద్ద సారు పక్కన కూర్చుని నవ్వుతూ మాట్లాడిన కుర్రాడికి ఏప్రిల్ లో ప్రమోషను. ఏడాదంతా లెక్కలు సరిచూసిన అమ్మాయి పేరు ఆయనకి గుర్తే ఉండదు. విందులంటే ఉత్త విందులా? సగం ఆఫీసు అక్కడే నడుస్తుంది. అందుకే మానేయమని నేను సలహా ఇవ్వను.

ఇక పడవ సంగతి. "గోదావరి ఒడ్డున పుట్టినోళ్ళం, మాకు భయమేంది?" అనే మగధీరులు మనకి చాలామంది ఉన్నారు. 2017 నవంబరు 12, కార్తీకమాసం, ఆదివారం. ఒంగోలు నుంచి వాకర్స్ క్లబ్ వాళ్ళు కుటుంబాలతో విజయవాడ విహారానికి వచ్చారు. పొద్దున్నే కలిసి నడిచే స్నేహితులు, వాళ్ళ భార్యలు. భవానీ ద్వీపం చూసి పవిత్ర సంగమం దగ్గర హారతి చూద్దామని ఓ ప్రైవేటు పడవ ఎక్కారు. ఆ పడవకి అనుమతి లేదు, ఎక్కినవాళ్ళకి లైఫ్ జాకెట్లు లేవు. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. వాళ్ళూ ఓ ప్లానింగ్ చేసుకునే వచ్చారు. భోజనాలూ, బస్సూ ముందే కుదుర్చుకునే ఉంటారు. పడవ కాయితం అడగాలని ఎవరికీ తోచలేదు. తోచకపోవడం వాళ్ళ తప్పని నేననను, అడగకుండానే చూపించాల్సిన కాయితం అది.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దాటాక కచ్చులూరు దగ్గర పాపికొండలకి వెళ్తున్న రాయల్ వశిష్ఠ పడవ మునిగింది. గోదావరి వరద మీద ఉన్న రోజది. మన వరంగల్ వైపు కడిపికొండ నుంచి బృందంగా వెళ్ళిన స్నేహితుల్లో చాలామంది తిరిగి రాలేదు. పడవనైతే నెల దాటాక అక్టోబరులో పైకి తీశారు. వంట్లో బలమున్న మగవాళ్ళే ఆ సుడిలో నిలవలేకపోయారు. అయిదున్నర గజాల చీర తడిస్తే కాళ్ళకెలా చుట్టుకుంటుందో మనకి ఒకరు చెప్పాలా?

పెద్ద పడవ, సర్కారు పడవ అయితే భయం లేదంటారా? 2009 సెప్టెంబరు 30న కేరళలో తేక్కడి చెరువులో మునిగిన జలకన్యక టూరిజం వాళ్ళదే. అడవి జంతువులు కనిపించాయని అందరూ ఒక్క వైపుకి చేరేసరికి పడవ ఒరిగిపోయి 45 మంది పోయారు. ఇది పార్టీలు చేసుకునేవాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. జంతువుల బదులు ఇక్కడ గ్రూప్ ఫొటో. "అందరూ ఇటు రండి, సూర్యుడు వెనకాల పడాలి" అని ఒకడు కేకేస్తే చాలు. పై అంతస్తు మీద పాటల పెట్టెలు, డాన్సులు. బరువు పైకి పోయినకొద్దీ పడవ తూలుతుందని చిన్నప్పుడు వానాకాలంలో కాయితప్పడవ మీద గులకరాళ్ళు పేర్చిన ప్రతివాళ్ళకీ తెలుసు. కేరళలోనే తానూరులో 2023 మే 7న చేపల పడవనే విహారపు పడవగా మార్చి, పట్టేదానికన్నా ఎక్కువమందిని ఎక్కించుకుని, పొద్దుపోయాక నడిపారు. 22 మంది పోయారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే.

కాబట్టి కేకు ఆర్డరిచ్చే ముందు రెండు కాయితాలు చూడాలి. 2021లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం లోతట్టు నీళ్ళలో తిరిగే మర పడవలకి రిజిస్ట్రేషనూ ఉండాలి, తనిఖీ చేసి ఇచ్చిన సర్టిఫికెట్టూ ఉండాలి. ఎంతమంది ఎక్కొచ్చో దాన్నిబట్టే తేలుతుంది. ఆ అంకె మన వాళ్ళ పేర్ల జాబితా కన్నా తక్కువైతే సర్దుకుందామనే మాటే వద్దు. సర్దుకోవడానికి అది పాసింజరు రైలు కాదు. జాకెట్లు తలకొకటి, పిల్లల్ని తెస్తే పిల్లల సైజువి. "జాకెట్ వేసుకుంటే పట్టుచీర కనిపించదు, ఫొటో బాగుండదు" అనే మాట మన ఆడవాళ్ళ నోటే వింటుంటాను. కనిపించకపోతే పోనీయండి.

రెండో సంగతి చాలామంది అమ్మాయిలకి తెలియదు. పనిచేసే చోట ఆడవాళ్ళపై వేధింపుల నివారణకి 2013లో చట్టం వచ్చింది కదా. అందులో పనిచేసే చోటంటే ఆఫీసు నాలుగు గోడలే కాదు. ఉద్యోగం కారణంగా వెళ్ళిన ఏ చోటైనా, అందుకు యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా దాని కిందికే వస్తాయి. కంపెనీ పిలిచిన విందు, కంపెనీ మాట్లాడిన పడవ, మళ్ళీ ఇంటికి దింపే బస్సు, అన్నీ ఆఫీసే. "అది పార్టీలో జరిగింది, తాగి ఉన్నాడు, వదిలేయండి" అనే మాట చెల్లదు. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, దానికి ఓ సీనియర్ ఆడమనిషే అధ్యక్షురాలు. పదిమంది కన్నా తక్కువైతే, లేదా వేలు చూపించాల్సింది యజమాని వైపే అయితే, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. మూడు నెలల్లోగా రాసివ్వాలి. పడవెక్కేముందు ఆ కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. మీ ఆఫీసులో అలాంటి కమిటీయే లేదని తేలితే, పార్టీ కన్నా ముందు దాన్ని ఏర్పాటు చేయించే ప్లానింగ్ మొదలుపెట్టండి. దానికి బెలూన్ల ఖర్చు కూడా ఉండదు.

మా కాలనీ అమ్మాయికి ఇవన్నీ చెప్పాను. "నేనొక్కదాన్నే అడిగితె మూడ్ ఖరాబ్ చేస్తున్నవ్ అంటరక్కా" అంది. నిజమే, అంటారు. అందుకే ఒక్కతే అడగకూడదు. పేర్లు రాసుకునే పని ఎలాగూ తన చేతిలోనే ఉంది. లేడీస్ పేర్లు రాసుకుంటూ ఒక్కొక్కరితో మాట్లాడి, ఆ జాబితా కిందే అందరి తరఫునా అడగాల్సినవి రాసి ఇవ్వొచ్చు. పడవ ఎన్నింటికి ఒడ్డుకొస్తుంది, కాయితాలేవి, బాత్రూం ఏది, నీళ్ళ మీద మందు ఉండదు కదా, దింపే బస్సు బోధన్ దాకా వస్తుందా లేక నిజామాబాద్ బస్టాండులో వదిలేస్తుందా అని. పదకొండు మంది సంతకాలున్న కాయితాన్ని మూడ్ ఖరాబ్ అని తోసెయ్యడం ఏ మేనేజరుకైనా కొంచెం కష్టం.

ఇంతకీ పార్టీ రాత్రే ఎందుకుండాలి? డిసెంబరు చివర్లో మనవైపు ఆరు కాకముందే పొద్దు గూకుతుంది, ఆపైన నీళ్ళ మీద చలి కొరుకుతుంది. అలీసాగర్ లాంటి చోటికి బోటింగ్ ఉందో లేదో ముందే కనుక్కుని పొద్దున పదింటికి వెళ్ళొచ్చు. వంతులవారీగా అరగంట చొప్పున పడవెక్కొచ్చు. భోజనాలు ఒడ్డున, చెట్ల కింద. పిల్లల్ని తెచ్చుకోవచ్చు, ముసలి అత్తగార్ని తెచ్చుకోవచ్చు, బాగా లేకపోతే మధ్యలో లేచి వచ్చేయొచ్చు. నాలుగున్నరకి బస్సు. "అది స్కూలు పిల్లల పిక్నిక్ లాగుంటది మేడం, పార్టీ లెక్కనే ఉండదు" అన్నాడు మా వారి స్నేహితుడొకాయన. సరే, ఆయన సరదా ఆయనది. ఆడవాళ్ళ బస్సు కదిలాక ఒడ్డున కూర్చుని ఏం చేసుకుంటారో చేసుకోనీయండి. కాకపోతే అప్పటికి పడవ నడిపే అతను పడవకి తాళం వేసుకుని ఇంటికి వెళ్ళిపోయి ఉండాలి.