పడుటయు విద్యయే

మంచు కప్పిన కొండవాలుపై ఒకే పలకమీద రెండు పాదములను బిగించుకొని జారుచు, గాలిలోనికి ఎగిరి, గిరగిర తిరిగి, మరల మంచుపై నిలుచు క్రీడకు ఫ్రీస్టయిల్ స్నోబోర్డింగు అని పేరు. 1965వ సంవత్సరమున క్రిస్మస్ నాడు అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున షెర్మన్ పాపెన్ అను నతడు తన కుమార్తెలు ఆడుకొనుటకై రెండు స్కీలను జతచేసి బిగించెను. నేటి స్నోబోర్డునకు ఆ ఆటవస్తువు ఒక పూర్వరూపము. 1998లో జపాను దేశమునందలి నగానోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో స్నోబోర్డింగునకు స్థానము లభించినది. మన దేశమునను, 2020లో కాశ్మీరమునందలి గుల్మార్గులో జరిగిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలలో ఈ పోటీలు జరిగినవి.

చూచువారికి ఇందు కనబడునది ఎగురుట మాత్రమే. అందుచేత ఇది తెగువగలవారి ఆట యనియు, భయము విడిచి దూకినవాడే వీరుడనియు పలువురు తలంతురు. ఈ తలంపు సరియైనది కాదు. ఈ విద్యకు తెగువకంటె క్రమము ముఖ్యము.

నేర్చువానికి మొదటి పాఠము పడుట. ముందునకు పడునపుడు అరచేతులు చాపినచో శరీరభారము మణికట్టుపై పడి ఎముక విరుగవచ్చును. కావున పిడికిళ్లు ముడిచి, మోకాళ్లను, ముంజేతులను ఆనించి పడవలెను. వెనుకకు పడునపుడు గడ్డమును రొమ్మునకు చేర్చి, కూలబడి వీపుమీదుగా దొర్లవలెను. లేనిచో తల నేలకు తగులును.

పిమ్మట చదునైన మంచుపై చిన్న ఎగురు. శరీరభారమును వెనుక పాదముపైకి మార్చగా పలక విల్లువలె వంగును. అది తిరిగి సాగునపుడు కలుగు బలముతో పైకి లేవవలెను. దీనికి ఆలీ యని పేరు. తరువాత 180 డిగ్రీల చుట్టు, అనగా సగము చుట్టు. ఇందు దిగునప్పటికి వెనుకనున్న పాదము ముందునకు వచ్చును. అట్లు జారుట ముందుగా అలవడనిచో, గాలిలో ఎంత చక్కగా తిరిగినను దిగిన పిదప పడక తప్పదు. 360 డిగ్రీల పూర్తి చుట్టునకు కావలసిన భ్రమణమును ఎగురునపుడే భుజముల విసురుతో సంపాదింపవలెను. గాలిలో ఆధారము లేదు గనుక అచట దానిని క్రొత్తగా పుట్టింప వీలులేదు. శరీరమును ముడిచినచో వేగము హెచ్చును, చాచినచో తగ్గును. ఇట్లు ప్రతి విన్యాసమును తన ముందటి విన్యాసముపై ఆధారపడి యున్నది. నడుమ మెట్టు విడిచి పైకి పోగోరువాడు, ఉట్టికి ఎగురలేనమ్మ స్వర్గమునకు ఎగురబోయిన చందమున నవ్వులపాలగును; ఒక్కొక్కపుడు ఆసుపత్రి పాలగును.

జపాను క్రీడాకారుడగు అయుము హిరానో 2014లో తన 15వ యేట ఒలింపిక్ రజత పతకము పొందెను. 2018లోను రజతమే లభించినది. 2022లో జరిగిన బీజింగు ఒలింపిక్ క్రీడలలో, సగము కోసిన గొట్టము వంటి మంచుకాలువలో ట్రిపుల్ కార్క్ 1440 అను విన్యాసమును, అనగా నాలుగు చుట్ల కష్టసాధ్యమైన ఎగురును ప్రదర్శించి స్వర్ణము గెలిచెను. మొదటి పతకమునకును దీనికిని నడుమ ఎనిమిది సంవత్సరములు గడచినవి. ఇట్టి విన్యాసములను క్రీడాకారులు తొలుత గాలి నింపిన పెద్ద పరుపులపైనను, నురుగుదిమ్మలు నింపిన గుంటలలోను అభ్యసింతురు. ఈత నేర్చువాడు నడుమునకు బెండు కట్టుకొనుట వంటిదే ఇది. బెండు కట్టుకొనిన బాలుని పిరికివాడని ఎవ్వరు నిందింతురు?

క్రమము పాటించినవారికి ప్రమాదమే లేదా యని అడుగవచ్చును. ఉన్నది. 2009 డిసెంబరు 31న అమెరికాలోని యూటా రాష్ట్రమున కెవిన్ పియర్స్ అను ఆరితేరిన క్రీడాకారుడు అభ్యాసము చేయుచు పడి, హెల్మెట్టు ధరించియున్నను మెదడునకు తీవ్రమైన గాయము పొందెను. ప్రాణము దక్కెను గాని, అతడు మరల పోటీలలో దిగలేదు. పిదప సోదరునితో గూడి, మెదడు గాయములు పొందినవారికి తోడ్పడు సంస్థను నెలకొల్పెను. హెల్మెట్టు తప్పక ధరింపవలసినదే. కాని అది అభయహస్తము కాదు. నిపుణునికే ఇట్లు జరుగగా, పాఠములు దాటి దూకు బాలుని గతి యేమి?

ఇంత అపాయకరమైన క్రీడను మాన్పించుటయే మేలని కొందరందురు. అదియు న్యాయము కాదు. నీటికి వెరచి ఈత మానినవాడు ఏటి యొడ్డుననే నిలిచిపోవును. అపాయమును పూర్తిగా తొలగింప వీలులేకున్నను, తన నేర్పునకు మించిన అపాయమును కోరి తెచ్చుకొనకుండుట నేర్చువాని చేతిలోనిదే. గురువులును, తల్లిదండ్రులును అతనికి నేర్పవలసిన వివేకము ఇదియే.

మిత్రులు చుట్టు జేరి "దూకుము, దూకుము" అని కేకలు వేయుచుండగా, తన ఎగురును చిత్రించుటకు వారు సిద్ధముగా నుండగా, "ఈ మెట్టు నాకింకను రాలేదు" అని చెప్పి చిన్న వాలునకు మరలిపోవుట సులభము కాదు. దానికి దూకుటకంటె ఎక్కువ ధైర్యము కావలెను. అట్టి ధైర్యము గలవాడే కాలక్రమమున ఎత్తునకు ఎగురగలడు. ఎగిరి క్షేమముగా దిగగలడు.